బీడీ నిప్పు మీద పిలిచిన పేరు

ఇప్పుడు ఆగుతాడు జగపతిరావు. మైకును రెండు వేళ్ళతో కిందికి వంచుతాడు, జనాన్ని ఎడమ నుంచి కుడికి ఒకసారి చూస్తాడు, భుజం మీది కండువా సర్దుకుంటాడు, అప్పుడంటాడు. "ఆ పొద్దు నా కాళ్ళకు చెప్పుల్లేవు." అన్నాడు. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కల కుప్పల మధ్య నిలబడి ఇదే మాట అన్నాడు, జనగామ బస్టాండు ముందర లారీ ఎక్కి ఇదే అన్నాడు, భూపాలపల్లిలో బావమరిది గృహప్రవేశానికి పోయి అక్కడ మైకు కనిపిస్తే అక్కడా ఇదే అన్నాడు, ఇవాళ మానుకోటలో బడి మైదానంలో షామియానా కింద మళ్ళీ అదే. కుర్చీల్లో కూర్చున్న టౌను ఆడవాళ్ళలో ఒకామె అయ్యో అని నాలుక చప్పరించింది. అంత పెద్ద దొర కొడుకు, తెలంగాణ కోసం చెప్పుల్లేకుండా పోలీసు వ్యాను ఎక్కాడట. ఎక్కలేదమ్మా. చెప్పుల్లేనిది మా అన్నకు. పుట్టిన నాటి నుంచీ లేవు, ఆ రోజు ప్రత్యేకంగా లేకపోయిందేమీ లేదు. జగపతి ప్యాంటు తొడిగారు, జగపతి చొక్కా తొడిగారు, జగపతి చెప్పులు మాత్రం మా అన్న పాదాలకు పట్టలేదు, దున్ని దున్ని పగిలి వెడల్పైన పాదాలవి, అందుకని వట్టి కాళ్ళతోనే ఎక్కించారు. ఆ పట్టని చెప్పులు ఇవాళ జగపతికి ఓట్లు తెస్తున్నాయి.

నేను జంపఖానా మీద మా తండావాళ్ళ మధ్య కూర్చున్నాను. కుర్చీలు టౌనువాళ్ళకు, జంపఖానా మాకు. పక్కన మా యాడి జమ్లీ, యాడి అంటే మా భాషలో అమ్మ. ఆమెకు అవతల తండా పెద్ద తావుర్యా, వెనక సక్రి, మాన్‌సింగ్, ఇంకా దొర ట్రాక్టర్లు పొద్దున్నే ఎక్కించుకొచ్చిన అందరూ. ప్రతివాళ్ళ ఒళ్ళో ఒక పులిహోర పొట్లం. నీళ్ళు మాత్రం ఎవరి చెంబులో వాళ్ళు తెచ్చుకున్నారు, టౌనులో మా చేతికి గ్లాసు అందించేవాళ్ళు తక్కువ. నేను ట్రాక్టరులో రాలేదు. జనగామలో పంతులు ఉద్యోగం నాది, ప్యాసింజరు ఎక్కి మానుకోటలో దిగాను, భుజాన సంచి ఉంది, సంచిలో నా మొదటి నవల ఉంది. నవల అనకూడదేమో, నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు పాడుచేసిన కాగితాల కట్ట. వేదిక మీద మాట్లాడుతున్నవాడు జగపతిరావు, కొత్తగా వచ్చిన మండలానికి అధ్యక్షుడు కావాలని నిలబడ్డాడు. ఆయన పక్కన పెద్ద కుర్చీలో ఆయన తండ్రి లక్ష్మీకాంతరావు, పెద్ద దొర. చెవులు పోయాయి. అందరూ చప్పట్లు కొడితే చూసి, కాస్త ఆలస్యంగా తానూ కొడతాడు. ఆ చేత్తోనే కదా మా అన్నను వాకిట్లోకి రమ్మని సైగ చేశాడు.

నాకు పగ ఉంది, దాన్ని దాచుకోను. దాచుకుని రాస్తే ఏమవుతుందో కూడా తెలుసు, ఒకసారి రాసి చూశాను, ఊరూ పేరూ లేని మంచితనం వచ్చి కాగితాల నిండా కూర్చుంది. జరిగింది చిన్నదే. అరవై తొమ్మిదిలో హనుమకొండలో కాలేజీ చదువుతున్న జగపతి కేసముద్రంలో రైలు ఆపిన పిల్లలకు ముందు నిలబడ్డాడు. అబద్ధమెందుకు, రైలు ఆయనే ఆపాడు. కేసయింది. కాగితంలో పేరుంది గానీ మొహం ఎవరికీ తెలియదు. కొడుకును చిట్యాలలో మేనమామ ఇంట్లో దాచి, లక్ష్మీకాంతరావు తన దగ్గర జీతముండే మా అన్న జైసింగ్‌ను పిలిచాడు. "అరే జైసింగ్, చిన్నదొర బదులు నువ్వు పోవాలెరా. జగపతి అని పిలిస్తే జీ అనాలె. గంతే." మా అన్న అడిగింది ఒక్కటే మాట. "మరి బర్లకు గడ్డి ఎవలేస్తరు దొరా?" జీతగాడు దున్నుతాడు, కోస్తాడు, మోస్తాడు, పంటకు కావలి పడుకుంటాడు; దొర కొడుకు బదులు జైలుకు పోవడం కూడా ఆ పనుల్లోనే కలిసిపోయింది. పోతే నీ తమ్ముణ్ణి హాస్టల్‌లో వేయిస్తానన్నాడు దొర. ఆ తమ్ముణ్ణి నేనే, హీరాలాల్‌ను. మాట తప్పలేదు, వేయించాడు. అంటే నాకు వచ్చిన అ ఆలు, గుణింతాలు, నేను బోర్డు మీద రాసే ప్రతి అక్షరం, ఈ సంచిలోని కాగితాలు, అన్నీ మా అన్న తిన్న దెబ్బలకు బదులుగా వచ్చినవే. అందుకే ఈ అక్షరాలతో ఇంకో పని చేయబుద్ధి కాదు. ఇదే చేయాలి, జగపతిని పట్టుకోవాలి.

"వ్యాన్ల మేము గొర్లలెక్క ఇరుకున్నం," అంటున్నాడు మైకులో. గొర్లు. ఇది కూడా మా అన్న మాటే, దొరింట్లో గొర్లెక్కడివి. జనగామ లైబ్రరీలో అట్ట చిరిగిన పుస్తకం ఒకటి దొరికింది నాకు, మొదటి నవల రాసేవాళ్ళకు పాఠాలు, రాసిందెవరో తెలియదు, ముందు పేజీలు చెదలు తిన్నాయి. సాయంత్రం బడి వదిలాక పోయి బెంచీ మీద కూర్చుని పిల్లాడిలా చదివాను. పుట్టుకతో మొదలుపెట్టవద్దు, బతుకు మలుపు తిరిగిన చోట మొదలుపెట్టు అని ఉంది అందులో. నేనేమో మా తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంటూ ఏ దారిన వచ్చారో అక్కడ మొదలుపెట్టి, అన్న పుట్టేసరికే అలసిపోయాను. ఈయన చూడు, చెప్పుల్లేని కాళ్ళతో మొదలుపెట్టాడు. ఏ పుస్తకం చదివాడని. పగవాణ్ణి నీ కోపంతో చంపవద్దు అని ఇంకో పాఠం. అది చదివేసరికే నేను జగపతిని చంపేశాను. మొదటిసారి పాముతో కరిపించాను. అది చాలలేదు, రెండోసారి వ్యవసాయ బావిలో పడేశాను, మోకు అందకుండా చేశాను. మూడోసారి ఆయన ట్రాక్టరు కిందే పడేశాను, డ్రైవరు తాగి ఉన్నాడని రాశాను. నాలుగోసారి పిడుగు. చంపిన ప్రతిసారీ రాత్రి హాయిగా నిద్రపట్టేది, పొద్దున లేచి చదివితే ఏముంది, చచ్చినవాడికి నొప్పి లేదు, అన్నకు ఒరిగింది లేదు. పగవాడికీ ఒక మనసుంటుంది, అతనికేం కావాలో తెలుసుకుంటే నీకే జాలి కలుగుతుంది అని కూడా ఉంది ఆ పుస్తకంలో. తెలుసుకున్నాను. జగపతికి పదవి కావాలి, అది పైపైన. లోపల ఆయనకు కావలసింది ఆ జైలు తనదేనని తానే నమ్మడం. ఇప్పుడు చూడు, కళ్ళు తడి అయ్యాయి, కండువాతో ఒత్తుకుంటున్నాడు. ఆ నీళ్ళు నటన కాదు, చాలాసార్లు దగ్గరగా చూశాను, నిజమైన నీళ్ళే. అయినా నాకు జాలి కలగలేదు. ఇంకొంచెం కోపం వచ్చింది.

ఆ నీళ్ళు ఎక్కడివో నాకు తెలుసు. అన్న విడుదలైన రోజు హాస్టలుకు సెలవులు, నేను ఊళ్ళోనే ఉన్నాను. అన్నను తండాకు రానివ్వలేదు. గుండు, ఎండిన మొహం, దగ్గు, అట్లాగే తీసుకుపోయి దొర వాకిట్లో కూర్చోబెట్టారు. చిట్యాల నుంచి జగపతి కూడా వచ్చేశాడు, మేనమామ ఇంటి నేతితో బుగ్గలు నిండాయి. నులకమంచం మీద పడుకుని, పల్లీలు ఒలుచుకు తింటూ అడగడం మొదలుపెట్టాడు. "పళ్ళెం ఎట్లుంటదిరా? అంచు వంగి ఉంటదా, సక్కగుంటదా? రొట్టెల ఇసుకుంటదంటివి, పంటికింద తగుల్తదా, మింగినంక గొంతుల తగుల్తదా? పక్కపొంటి పండుకున్నోడు ఎవడు, నిద్రల ఏం కలవరిస్తుండె? ఇంక? ఇంకేమాయె?" కుడితి గోలెం పక్కన కూర్చుని నేను వింటున్నాను. రోజుల తరబడి అడిగాడు. జైలు ఎట్లా ఉందని అడగలేదు, పళ్ళెం అంచు ఎట్లా ఉందని అడిగాడు. అది నవల రాసేవాడు అడిగే ప్రశ్న. ఈ సంగతి అట్ట చిరిగిన పుస్తకంలో, బాధ అని రాయకు, బాధపడ్డవాడి చేతిలో ఏముందో రాయి, అని నలభయ్యో పేజీ దాటాక వస్తుంది. జగపతికి ఎవరూ చెప్పకుండానే తెలుసు. తట్టుకోలేని సంగతేమిటంటే, అన్న సంతోషపడ్డాడు. పిచ్చోడు, నవ్వుతూ చెప్పాడు. అంతకు ముందు ఎవరూ అన్నను నీకేమైందని అంతగా అడిగిన పాపాన పోలేదు. అడిగేవాళ్ళు దొరికారని ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేశాడు.

ఆ తర్వాత యాడి ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. "అంత దొరకు జెప్పిన గద యాడీ, ఇగ నా కాడ ఏమున్నది," అనేవాడు. నేను పెద్దయ్యాక అడిగినా అదే మాట. దాచుకోవడం కాదు, కసరడం కాదు, వడ్లు దొర గరిసెలో పోసి వచ్చినవాడు వట్టి గోనెసంచి దులిపినట్టు చేతులు దులిపేవాడు. అందుకే నేను జగపతి సభలన్నిటికీ తిరుగుతున్నాను. ఊరికే తిరుగుతున్నానా. నా నవలలో జైలు ప్రకరణం రాయాలంటే నాకు మా అన్న చెప్పింది కావాలి, చిన్నవాణ్ణి, వాకిట్లో విన్నది అక్కడో ముక్క ఇక్కడో ముక్క తప్ప గుర్తులేదు, మా అన్న చెప్పింది పూర్తిగా జగపతి నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు. కేసముద్రంలో పళ్ళెం దొరికింది, జనగామలో ఇసుక రొట్టె దొరికింది, భూపాలపల్లిలో నిద్రలో భార్య పేరు కలవరించే పక్కవాడు దొరికాడు. దొంగ ఇంటికి పోయి మన సొమ్ము మనమే ఏరుకోవడం. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు గొంతు తగ్గించాలో, ఏ చిన్న వస్తువు చూపిస్తే జనం ఏడుస్తారో నేను ఈ మనిషి దగ్గరే నేర్చుకున్నాను. నాకు గురువు ఎవరని ఎవరైనా అడిగితే నా నోటితో నేను ఏం చెప్పాలి. ఆ సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది, పళ్ళు కొరుక్కుంటూ నేర్చుకున్నాను.

అయ్యో అంటున్నారు మళ్ళీ. లాఠీ దగ్గరికి వచ్చాడన్నమాట. వారపత్రికవాళ్ళకు ఒక ప్రకరణం పంపించాను పోయిన ఏడాది. తిప్పి పంపారు. కథ బాగుందట, మనుషులు మాట్లాడే తెలుగే బాగాలేదట, హీరో చేత మంచి తెలుగు మాట్లాడించి, ఈ యాస కావాలంటే నవ్వించే పనివాడికి పెట్టమన్నారు. వాళ్ళకూ పద్దు రాసి పెట్టుకున్నాను మనసులో, వాళ్ళ వంతు తర్వాత. నిజానికి మా అన్న మాట్లాడింది ఆ యాస కూడా కాదు, మా తండా భాష. దాన్ని నేను తెలుగులోకి దించుతున్నాను, దించినప్పుడల్లా కొంచెం ఒలికిపోతుంది. యాడి మాటలూ అంతే. ఇప్పుడు ఆమె పక్కనే ఉంది, పొట్లం దారం విప్పకుండా వేలికి చుట్టుకుంటోంది, వేదిక వైపు చూడటం లేదు, నేల చూస్తోంది. ప్రతి సభకూ తెస్తారు ఈమెను. తన కొడుకు కథ తానే వినాలి, విని చప్పట్లు కొట్టాలి.

పేరు. మనుషులకు పేర్లు పెట్టడం దగ్గర తొందరపడవద్దని ఆ పుస్తకంలో ఉంది, పేరు కుదిరితే మనిషి లేచి నడుస్తాడట. నాకు మా అన్న పేరు కుదరడం లేదు. నాలుగుసార్లు నాలుగు పేర్లు పెట్టాను, ఏ పేరుకూ లేవలేదు. లేవడు కూడా, ఎందుకు లేస్తాడు. పంపే ముందు దొర గుమాస్తా అన్న చేత పలక మీద జగపతి అని దిద్దించాడు, సంతకం కోసం. బతికినంత కాలం అన్నకు రాయొచ్చిన మాట అదొక్కటే, మా తలుపు మీద బొగ్గుతో రాసి మురిసిపోయేవాడు. రాయడం పోనీ. జైలు నుంచి వచ్చాక ఎవరు జగపతి అని పిలిచినా అన్న చేతులు కట్టుకుని లేచి నిలబడేవాడు. గడ్డిమోపు నెత్తిన ఉన్నా ఆగిపోయేవాడు. దొరింట్లో అది నవ్వులాట అయింది. చుట్టాలు వచ్చినప్పుడు, జర సూడున్రి అని పెద్ద దొర చెప్పి, "జగపతీ" అని పిలిచేవాడు. కొడుకు మంచం మీద నుంచి చూసేవాడు, మా అన్న కొట్టం దగ్గర నుంచి లేచేవాడు. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్ళు. దగ్గు ముదిరి దవాఖానకు తీసుకుపోయినప్పుడు చీటీలో జైసింగ్ అని రాయించాను, కాంపౌండరు జైసింగ్, జైసింగ్ అని పిలుస్తున్నాడు, అన్న తన పక్కవాణ్ణి చూస్తున్నాడు, ఎవడో వీడు పలకడేమని. యాడి మోచేత్తో పొడిస్తే లేచాడు. ఆ ఎండాకాలం దాటలేదు.

దీపావళి పొద్దున మా తండాలో ఇంటి ముందర నిప్పులు పోసి, నెయ్యి కలిపిన బెల్లమన్నం వేసి, చుట్టూ నీళ్ళు తిప్పి, చనిపోయినవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాం. భోగ్ అంటాం దాన్ని. చనిపోయినవాళ్ళనే పిలుస్తాం. బతికున్న మనిషి పేరు ఆ నిప్పుల దగ్గర పొరపాటున కూడా నోట రాకూడదు, వస్తే ఆ మనిషిని తీసుకుపోయి చనిపోయినవాళ్ళలో కలిపినట్టే. నెయ్యి భగ్గున మండితే పిలిచినవాళ్ళు వచ్చి తిన్నారని గుర్తు. చివరి పేరు అయిపోయాక చెంబులో మిగిలిన నీళ్ళు నేల మీద విడిచి, లేచి, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. అన్న పోయిన ఏడు యాడి నిప్పుల ముందు కూర్చుని తాతలను పిలిచింది, మా నాయనను పిలిచింది, మంట లేచింది. జైసింగ్ అని పిలిచింది. పొగ వచ్చింది. నెయ్యి ఇంకొంచెం పోసి మళ్ళీ పిలిచింది, మళ్ళీ పొగే. తావుర్యా ముసలివాడు, పెద్దమనసుతోనే అన్నాడు, "జమ్లీ, గా ఇంకో పేరుతోని పిలిచి సూడు. పోరడు దానికి అలవాటు పడ్డడు గద." యాడి తల కూడా తిప్పలేదు. "గా పేరుతోని పిలిస్తే వచ్చేటోడు నా కొడుకు గాదు," అంది. ప్రతి ఏడూ అంతే. ఒక ఏడు నిప్పుల దగ్గర నుంచి లేచి వచ్చి నా చొక్కా పట్టుకుంది, "నువ్వు సదువుకున్నవ్ గద హీరా, నీ సదువుకే గద వాడు పోయింది, వాని పేరు వానికి తెచ్చిపెట్టు." అందుకు రాస్తున్నాను. నవల రాయాలన్న కోరిక నాకు ఏ పుస్తకం చూసీ పుట్టలేదు.

వస్తున్నాడు, నాకు కావలసిన చోటికి వస్తున్నాడు. గొంతు తగ్గింది. రెండు చేతులూ మైకు మీద వేశాడు. "పొద్దుగూకంగ ఇన్ని రొట్టెలు ఏస్తుండె. ఆకలికి కండ్లు తిరుగుతుండె. అయినా మొదటి తునక నోట్లె పెట్టలే. పక్కపొంటాయన కాడ బీడీ అడుక్కొని, నిప్పు రాలగొట్టి, దాని మీద రొట్టె తునక పెట్టి, సుట్టూ నీళ్ళు తిప్పి, పేరు పెట్టి పిలిచేటోన్ని. గప్పుడే తినేటోన్ని." కుర్చీల్లో ఆడవాళ్ళు దండం పెట్టుకున్నారు, దేవుడికి నైవేద్యం అనుకున్నారు పాపం. ఏ దొర ఇంట్లో ఉందమ్మా ఇది. ఆ రోజు వాకిట్లో అన్న చెబుతుంటే జగపతి పల్లీలు నమలడం ఆపి, "గిది మంచిగున్నదిరా," అన్నాడు. మంచిగుందని ఎత్తుకుపోయాడు, ఏమిటని అడగలేదు. అన్ని అడిగినవాడు అదొక్కటి అడగలేదు. జనగామలో మొదటిసారి ఈ మాట విన్ననాడే నా ప్రశ్న పుట్టింది, అప్పటి నుంచి నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ అడుగుతాను. తడబడాలి. తండా మొత్తం చూస్తుండగా ఒక్కసారి నోరు తెరిచి మాట రాక నిలబడాలి. నాకు అంతే కావాలి, పామూ పిడుగూ అక్కర్లేదు.

లేచాను. దొరా అనడానికి నోరు రాలేదు, జగపన్నా అని కార్యకర్తలు అన్నట్టూ అనలేను. "జగపతి గారూ," అన్నాను గట్టిగా. యాడి ఉలిక్కిపడి జంపఖానా అవతలి ఖాళీ నేల వైపు చూసింది, ఎవరో చేతులు కట్టుకుని లేస్తారన్నట్టు. అక్కడ ఎవరూ లేరు. నేను అడిగాను. "గా బీడీ నిప్పు మీద ఎవరి పేరు పిలిచిండ్రు?"

జగపతి నన్ను చూశాడు. తెల్ల చొక్కా, భుజాన సంచి, ఎవరో పంతులు. గుర్తుపట్టలేదు. తడబడలేదు కూడా. నవ్వాడు. "మంచి మాట అడిగినవ్ సారూ. గిన్ని సభల తిరిగిన, గిది ఎవలు అడగలే." పక్కకు జరిగి తండ్రి భుజం మీద చేయి వేశాడు. "నన్ను కన్న మా నాయిన పేరు. ఇగో, గీ పెద్దమనిషి పేరే. లక్ష్మీకాంతరావు, లక్ష్మీకాంతరావు అని రోజు గా నిప్పుల మీద పిలిచిన." కుర్చీలన్నీ చప్పట్లు కొట్టాయి. పెద్ద దొర అటూ ఇటూ చూశాడు, కొడుకేదో గొప్ప మాట అన్నాడని అర్థమైంది, తానూ కొట్టాడు, అందరూ ఆపినాక కూడా ఇంకాసేపు కొట్టాడు.

జంపఖానా మీద ఒక్క చేయి కదలలేదు. వెనక సక్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇది నేను అనుకున్నది కాదు, ఎంత పగతో కూర్చుని రాసినా నా చేతికి రాని మాట, ఆయనే అనాలి, అన్నాడు. నాలుగుసార్లు చంపాను గానీ, ఇట్లాంటి చావు ఒక్కటీ నేను రాయలేదు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. తావుర్యా పొట్లం జంపఖానా మీద పెట్టాడు. చెంబు తీసుకున్నాడు. ఉన్న నీళ్ళన్నీ మెల్లగా ముందరి దుమ్ములో విడిచాడు. లేచి, వేదికకు వీపు పెట్టి నడిచాడు. తర్వాత మాన్‌సింగ్ విడిచాడు, సక్రి విడిచింది, వెనక వరుసలు ఒకటొకటిగా లేచాయి, దుమ్ములో నీళ్ళు పడిన చప్పుడు ఒక్కటే. "ఏయ్, ఏడికి, ఇంక అయిపోలే," అని ఒక కార్యకర్త అడ్డం వచ్చాడు. "పోనియ్యున్రి," అన్నాడు జగపతి మైకులో, నవ్వుతూ, "మావోళ్ళకు మిర్ప ఏరుడున్నది, పొద్దు పోతది." కుర్చీలు నవ్వాయి. అందరికన్నా చివర తిరిగినవాణ్ణి నేనే, అందుకే చూశాను. పెద్ద దొర కుర్చీలో నుంచి కొంచెం లేచి, పోతున్న మా వీపులకు రెండు చేతులూ ఎత్తి దండం పెడుతున్నాడు. నాకు అప్పుడూ జాలి కలగలేదు. యాడి చెంబులో నీళ్ళు చివరి చుక్క దాకా విడిచి, బోర్లించి దులిపి, నా చేయి పట్టుకుంది. తర్వాత నేనూ వెనక్కి చూడలేదు.

గేటు దాటాక, ఎండలో ట్రాక్టర్ల దగ్గర ఆగింది. జగపతి గొంతు మైకులో వినిపిస్తూనే ఉంది, విడుదలైన రోజు దగ్గరికి వచ్చాడు. యాడి నా సంచి మీద చేయి వేసింది.

"నీ బుక్కుల గాయన్ని సంపినవా?"

"సంపిన యాడీ. నాలుగుసార్లు."

"సంపకు," అంది. "ఉండనియ్యి. గాయన సదువుకోవాలె గద."

నేను సంచి విప్పి పిడుగు పడిన కాగితాలు వెతికి తీశాను. చించి ట్రాక్టరు చక్రం పక్కన పడేశాను. ఆమె చూస్తూ నిలబడింది.

"మొదాల ఏం రాస్తవ్?"

"అన్న పేరు."

"ఏ పేరు?" అంది యాడి.

"జైసింగ్," అన్నాను.

"మళ్ళ అను," అంది. మళ్ళీ అన్నాను.